మంత్రి గది నుంచి కంపెనీ గదికి

అమెరికా మాజీ ఉపాధ్యక్షుడు డిక్‌ చెనీ 2025 నవంబర్‌ 3న చనిపోయాడు. 84 ఏళ్లు బతికాడు. చావు కాడ నాలుగు మంచి మాటలు చెప్పడం మన మర్యాద. 2024లో సొంత పార్టీ ట్రంప్‌ను కాదని కమలా హారిస్‌కు ఓటేస్తానన్నాడు. ఒప్పుకుంటాం. దాంతో పాత పద్దు చెల్లిపోదు.

వియత్నాం యుద్ధానికి పోకుండా ఐదుసార్లు మినహాయింపు తెచ్చుకున్న మనిషి చెనీ. వయోమింగ్‌ నుంచి పదేళ్లు దిగువ సభలో కూర్చున్నాడు. 1989లో రక్షణమంత్రి అయ్యాడు. 1992లో ఆయన శాఖ ఒక కంపెనీకి 39 లక్షల డాలర్లిచ్చి ఒక నివేదిక రాయమంది. సైన్యానికి వంట, బట్టలుతుకుడు, రవాణా వంటి పనులు ప్రైవేటువాళ్లకు ఎలా అప్పగించవచ్చు? రాసింది బ్రౌన్‌ అండ్‌ రూట్‌. ఆ ఏడే ఆ పనుల గుత్త కూడా దానికే దక్కింది. పెండ్లికి ముహూర్తం పెట్టిన అయ్యగారే పీటల మీద కూర్చున్నట్టు!

బ్రౌన్‌ అండ్‌ రూట్‌ ఎవరిది? హాలిబర్టన్‌ది. 1995లో హాలిబర్టన్‌ సీఈవో ఎవరు? చెనీ. నూనె బావి తవ్విన అనుభవం ఆయనకు లేదు. వాషింగ్టన్‌లో, గల్ఫ్‌ రాజుల దగ్గర తెరుచుకునే తలుపులున్నాయి. 1998లో డ్రెస్సర్‌ కంపెనీని కలుపుకుంటే ఆస్‌బెస్టాస్‌ రోగుల కేసులూ నెత్తిన పడ్డాయి. 2003లో అనుబంధ కంపెనీలు దివాలా పిటిషన్‌ వేశాయి. ఆయన మాత్రం 2000లోనే కోట్ల డాలర్లతో దిగిపోయాడు.

దిగి ఉపాధ్యక్షుడయ్యాడు. ఇరాక్‌లో మారణాయుధాలున్నాయి, అనుమానమే లేదని 2002 ఆగస్టులో చెప్పింది ఆయనే. దొరికిందేమీ లేదు. 2003లో దాడి జరిగింది. చమురు బావుల మరమ్మతు పని, 700 కోట్ల డాలర్ల దాకా, టెండరు లేకుండా హాలిబర్టన్‌ వారి కెబిఆర్‌కు పోయింది. పాత జీతం బకాయి చెనీకి అప్పటికీ అందుతూనే ఉంది. కాంట్రాక్టుతో తనకు సంబంధం లేదన్నాడు. ఉండాల్సిన పనేముంది? బాట వేసినవాడు రోజూ బండి తోలాల్నా?

2004 ఆగస్టులో ఇరాక్‌లో 12 మంది నేపాలీ కూలీలను తిరుగుబాటుదార్లు పట్టుకుని చంపారు. కెబిఆర్‌ కింది ఉప కాంట్రాక్టరు వాళ్లను అమెరికా సైనిక స్థావరంలో పనికి తరలిస్తుండగా జరిగిన ఘోరమది. జోర్డాన్‌లో హోటల్‌ కొలువని చెప్పి తీసుకుపోయారని కుటుంబాలు కోర్టుకెక్కాయి. ఏజెంటు మాట నమ్మి, అప్పు చేసి గల్ఫ్‌ విమానమెక్కిన కరీంనగర్‌, నిజామాబాద్‌ పల్లెలకు ఈ కథ కొత్తది కాదు. కెబిఆర్‌ మీద వేసిన ఆ దావాను 2017లో అమెరికా అప్పీలు కోర్టు కూడా కొట్టేసింది.