అక్షహృదయం – పేకముక్కలు

నలోపాఖ్యానం చదివిన విద్యార్థికి పుష్కరునితో జూదమాడి రాజ్యం పోగొట్టుకొన్న నలుడు జ్ఞాపకముంటాడు. ఋతుపర్ణుడు తాండ్రచెట్టు కాయలను చూపుతోనే లెక్కించి చెప్పగా, చెట్టును కూల్చి ఆ లెక్క సరిచూచుకొని, అతని వద్ద అక్షహృదయం నేర్చిన నలుడు అంతగా జ్ఞాపకముండడు. ఆ విద్య అలవడినంతనే కలి అతని దేహాన్ని విడిచిపోయాడని కథ. జూదరిని చెరిచేది ఆట మాత్రమే కాదు, ఆటను గూర్చిన అజ్ఞానం కూడ.

పందొమ్మిదవ శతాబ్దిలో అమెరికాలో రూపొందిన స్టడ్ పోకర్ ఈ దృష్టితో పరిశీలింపదగినది. నేడు పోకర్ అనగానే స్ఫురించేది టెక్సాస్ హోల్డెమ్. అందులో నడుమ పరచిన ముక్కలు అందరికీ ఉమ్మడి. స్టడ్‌లో ఎవరి ముక్కలు వారివే. కాని కొన్నిటిని బోర్లించి, కొన్నిటిని విప్పి పంచుతారు. ఐదు ముక్కల ఆటలో బోర్లించినది ఒకటి, విప్పినవి నాలుగు. ఏడు ముక్కల ఆటలో బోర్లించినవి మూడు, విప్పినవి నాలుగు. ఏడింటిలో మేలైన ఐదే లెక్కకు వస్తాయి.

ఏడు ముక్కల ఆటలో ఒకనికి ఆరు ముక్కలు వచ్చినవనుకొందాము. వానిలో నాలుగు ఆఠీన్లు. ఐదవ ఆఠీను వస్తే అన్నీ ఒకే రంగు. దానినే ఫ్లష్ అంటారు. ఎదుటి ముగ్గురి విప్పిన ముక్కలు పన్నెండు. తన ఆరూ, ఆ పన్నెండూ పోగా కంటికి కానరానివి 34. ఆ పన్నెండింటిలో ఆఠీను ఒక్కటీ లేకపోతే 34లో 9 అవకాశాలు. నాలుగు ఉంటే 34లో 5 మాత్రమే. చేతిలోని ముక్కలు అవే అయినా వాని విలువ సగానికి దగ్గరగా పడిపోయింది.

ఇంతవరకు తెలిసినవాడు ఆట వచ్చిందనుకొంటాడు. ఆ భ్రమను తొలగించేవి అంతగా ప్రచారంలో లేని భేదాలు. 'ర్యాజ్' అనే ఆటలో తక్కువ విలువ గల చేతిదే గెలుపు. ఆసు మొదలు ఐదు వరకు గల ముక్కలే అన్నిటికంటె మేలు. మొదటి మూడు ముక్కలూ రాజులైనవాడు మురిసిపోక తప్పుకోవలెను. 'షికాగో'లో పందెపు మొత్తంలో సగం బోర్లించిన ఇస్పేట్లలో పెద్దదానికి చెందుతుంది. ఇస్పేటు రాజును దాచుకొన్నవాడు ఎదుటివారి విప్పిన ముక్కలలో ఇస్పేటు ఆసు కోసం వెదకవలెను. అది అక్కడ కనిపిస్తే, చివరివరకు నిలిచినచో ఆ సగం అతనిదే.

ఇటలీవారి 'తెలెసీనా' మరింత బోధకమైనది. నలుగురు ఆడేటప్పుడు ఏడు మొదలు ఆసు వరకు గల 32 ముక్కలే వాడుతారు. సాధారణంగా మూడు ఒక విలువవి, రెండు మరొక విలువవి చేరిన ఫుల్ హౌస్ ఫ్లష్‌ను ఓడిస్తుంది. తెలెసీనాలో ఫ్లష్‌దే పైచేయి. కారణం లెక్కలో ఉన్నది. 52 ముక్కలలో ఒకే రంగు ఐదు 5,148 విధాల, ఫుల్ హౌస్ 3,744 విధాల రాగలవు. 32 ముక్కలలో మొదటిది 224 విధాలే. రెండవది 1,344 విధాల. అరుదైనదానికే అగ్రపీఠం. ఒక్క ఆటనే నేర్చినవాడు నియమాన్ని కంఠస్థం చేస్తాడు. రెండు నేర్చినవాడు నియమానికి హేతువును వెదకుతాడు. సూత్రాలను వల్లించే విద్యార్థికి, అది గణితమైనా వ్యాకరణమైనా, కావలసిన పాఠం ఇదే.

పేకాట పేరెత్తగానే తల్లిదండ్రులు ఉలికిపడడం సహజం. దానివల్ల గుల్లయిన సంసారాలు మన ఊళ్లలో తక్కువ కావు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన వ్యాజ్యంలో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా పరిగణించింది. 2025లో పార్లమెంటు చేసిన శాసనం మాత్రం నైపుణ్యమా, అదృష్టమా అన్న భేదం పాటించక, డబ్బు పణంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. నైపుణ్యపు ఆట కూడ ఇల్లు ముంచగలదు.

కనుక డబ్బు వద్దు. కాని పందెం బొత్తిగా తీసివేస్తే స్టడ్ మూగదవుతుంది. బోర్లించిన ముక్కను గూర్చి ఎదుటివాడు పలికే నిజమూ, అబద్ధమూ పందెంలోనే వినిపిస్తాయి. తలకు ఇరవై చింతగింజలు పంచి, ఆట ముగియగానే తిరిగి డబ్బాలో పోయిస్తే చాలు. గణితోపాధ్యాయుడు ఏడాదికి రెండు గంటలు ఇందుకు వెచ్చించినచో, సంభావ్యత అనే అధ్యాయం పుస్తకంలో నుంచి లేచివచ్చి బల్లమీద కూర్చుంటుంది.

యువకులను పందేలలోనికి దింపేది లెక్క తెలియని ఆశ. పాఠశాల పేకను దాచిపెట్టినంత మాత్రాన ఆ ఆశ చావదు. అక్షహృదయం బోధించినచోట కలికి నిలువనీడ దొరకదు.