సంచిలో దండెం

మా శాంతిపురంలో పట్టుపురుగులు మేపే ఇళ్లలో ఎండాకాలం వస్తే ఒక పని తప్పదు. షెడ్డు కిటికీలకు గోనె పట్టాలు కట్టి, వాటి మీద మాటిమాటికీ నీళ్లు చల్లాలి. లోపల తేమ తగ్గిందంటే మల్బరీ ఆకు వాడిపోతుంది, పురుగు మేత మానేస్తుంది. అదే పురుగు చంద్రిక ఎక్కి గూడు అల్లే రోజులకు లెక్క మొత్తం తిరగబడుతుంది. అప్పుడు తేమ 60, 70 శాతం మధ్యలో ఉండాలి, గాలి బాగా ఆడాలి. లేకపోతే గూడు నాణ్యత పోతుంది, మార్కెట్లో ధర పడిపోతుంది. చిన్నప్పట్నుంచీ ఆ గోనె పట్టాల మీద చెంబుతో నీళ్లు చల్లి పెరిగినవాణ్ణి నేను. అయినా మూసిన గదిలో తడి గుడ్డ ఏం చేస్తుందో నాకు నిజంగా అర్థమైంది మాత్రం నలభై ఏళ్లు దాటాక, వేలూరులో ఒక లాడ్జి గదిలో.

మా వైపు వాళ్లకు పెద్ద జబ్బు చేస్తే దారులు రెండే. కుప్పంలో రైలెక్కి ఇటు పోతే బెంగళూరు, అటు పోతే కాట్పాడిలో దిగి వేలూరు. అమ్మకు గర్భసంచి ఆపరేషన్ అన్నారు. నాలుగు రోజుల్లో వచ్చేస్తామనుకుని ఇద్దరికీ మూడేసి జతలు పెట్టుకుని బయల్దేరినాం. ఆ నాలుగు రోజులు పదహారయినాయి. ఆస్పత్రి చుట్టూ తిరిగినవాళ్లకు ఇది కొత్తేం కాదు. టెస్టులు, వాటి రిపోర్టులు, మళ్లీ ఇంకో టెస్టు. బట్టలు మాత్రం మూడు జతలే.

వేలూరు లాడ్జిల సంగతి తెలిసినవాళ్లు ఉంటారు. సగం గదుల్లో బెంగాలీలు, జార్ఖండ్ వాళ్లు, మిగతా సగంలో మనవాళ్లు. అందరూ రోగులో, రోగుల వెంట వచ్చినవాళ్లో. తెల్లారి ఐదుకల్లా మేడ మీద దండేలన్నీ నిండిపోయేవి. మనం ఆరింటికి బకెట్ పట్టుకుని పోతే జేబురుమాలు ఆరేసుకునే చోటు కూడా ఉండేది కాదు. గదిలో ఆరేస్తే ఓనర్ అరుస్తాడు. అయినా నేను కొబ్బరి తాడు ఒకటి కొనుక్కొచ్చి, కిటికీ ఊచకూ బీరువా పిడికీ కట్టినా. అమ్మ నూలు చీర, నా రెండు చొక్కాలు వేసేసరికి పిడి ఊడి చేతికొచ్చింది. దానికి రెండొందలు కట్టించుకున్నారు, అది వేరే కథ.

మళ్లీ మేకుకు కట్టి ఆరేసినా. దోమలు వస్తాయని కిటికీ మూసినా. పొద్దున లేచి చూస్తే సాయంత్రం ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి. పైగా ఒక మాగుడు వాసన. మా షెడ్డులో గోనె పట్టాలతో మేం కావాలని చేసేదాన్నే నేను ఆ గదిలో తెలియక చేసినానన్నమాట. గుడ్డలోని నీళ్లు గాలిలోకి పోవాలంటే గాలిలో చోటుండాలి. మూసిన గదిలో గాలి కాసేపటికే తడితో నిండిపోతుంది. ఇక ఆ నీళ్లు యాడికి పోతాయి?

ఇంతవరకూ అయితే ఇది నవ్వుకునే కథే. అసలు విషయం మూడో రోజు అక్క వచ్చినాక బయటపడింది. వచ్చిన గంటకే నన్ను వరండాలోకి పిలిచి, "అమ్మ రెండు రోజుల్నుంచి తడి పావడే కట్టుకుంటా ఉంది, తెలుసునా నీకు?" అని అడిగింది. నాకు తెలియదు. అమ్మ తన చీర నాకిచ్చి ఆరేయమనేది గానీ లోపలి బట్టలు ఇచ్చేది కాదు. బాత్‌రూమ్‌లో కొక్కేనికి తగిలించి, పైన తుండుగుడ్డ కప్పి పెట్టేది. స్నానం చేసినాక అదే బాత్‌రూమ్, అదే ఆవిరి. లాడ్జి గది మొత్తంలో బట్టలు ఆరని చోటంటూ ఒకటుంటే అది బాత్‌రూమే.

"మేడ మీద ఆరేసుకోవచ్చు కదమ్మా" అంటే, "మొగోళ్లు తిరగతా ఉండారు, అందరి ముందర ఎట్ల ఆరేసేది?" అనింది.

ఆపరేషన్‌కు ముందు పరీక్ష చేసిన నర్సమ్మకు ఇది వెంటనే కనిపించింది. తొడల దగ్గర ఒరుసుకుపోయి, ఎర్రగా కంది ఉంది. మందు రాసి, తడి బట్ట అసలు తగలనీయొద్దని చెప్పినారు. చర్మం తగ్గితేనే ఆపరేషన్ అన్నారు. మూడు రోజులు వెనక్కి జరిగింది. ఆ మూడు రోజుల లాడ్జి అద్దె, తిండి ఖర్చు లెక్క వేసుకుంటే పెద్దదేం కాదు. కానీ భయంతో ఉన్న మనిషిని ఇంకో మూడు రోజులు ఆ భయంలోనే కూర్చోబెట్టినాం.

మన ఇళ్లల్లో కూడా ఇదే కదా జరిగేది. ఆడవాళ్ల లోపలి బట్టలు దండెం మీద ఎప్పుడూ రెండో వరసలో, చీర చాటునో, తువ్వాల కిందనో ఉంటాయి. నెలసరి గుడ్డలైతే ఇంకా చీకట్లో. ఎండా గాలీ తగలాల్సిన బట్టలకే అవి తగలవు. ఊర్లో ఇల్లు, పెరడు ఉన్నప్పుడే అట్లా ఉంటే పరాయి ఊర్లో ఏం చెప్పాలి? ఇన్నేళ్లూ ఇంట్లో దండెం చూస్తూనే ఉన్నా, నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

అక్క ఆ సాయంత్రమే ఆస్పత్రి రోడ్డులోకి పోయింది. రోగుల కోసమే పుట్టినట్టు అక్కడ ప్లాట్‌ఫాం అంగళ్లుంటాయి. బకెట్, మగ్గు, చాప, ఫ్లాస్కు, అన్నీ దొరుకుతాయి. ఒక సాగే తాడు కొనుక్కొచ్చింది. రెండు కొసలా కొక్కేలు, మధ్యలో పన్నెండు క్లిప్పులు. మడిస్తే పిడికిట్లో పడుతుంది. దాన్ని గదిలో మంచం వెనకాల, కిటికీ ఊచ నుంచి తలుపు పక్క మేకు దాకా కట్టింది. లోపలి నుంచి గడియ పెట్టుకుంటే అది అమ్మ దండెం. ఎవరి కంటా పడదు, ఎవరి చాటునా దాచక్కర్లేదు. ఫ్యాన్ వేసి, కిటికీ తెరిచి, దోమలకు ఊచల మీద అమ్మ పాత వాయిల్ చీర ఒక పొర కట్టింది. మర్నాడు పొద్దునకు పావడ ఫెళఫెళలాడింది.

ఇట్లాంటి తాళ్లలో ఇంకో రకం కూడా ఉంది. విదేశాల్లో వీపు సంచి వేసుకుని తిరిగేవాళ్లు ఎక్కువగా వాడతారు. మూడు రబ్బరు పోగులు జడలా అల్లి ఉంటాయి. క్లిప్పులక్కర్లేదు. పోగుల మధ్య సందులో బట్ట కొస దూరిస్తే అదే పట్టుకుంటుంది. నాకు ఇదే నచ్చింది, ఎందుకంటే మొదట పోయేవి క్లిప్పులే. అది దొరకనివాళ్లు రెండు మీటర్ల నైలాన్ తాళ్లు రెండు తీసుకుని, గట్టిగా మెలిపెట్టి, కొసలకు ముడులేస్తే సరి. రబ్బరంత పట్టు ఉండదు గానీ పని జరుగుతుంది.

తాడు ఎంత మంచిదైనా సగం పని దానికి ముందే అయిపోవాలి. చేత్తో పిండిన నూలు బట్టలో ఇంకా దాదాపు దాని బరువంత నీళ్లుంటాయి. ఆ నీళ్లన్నీ గాలే మోసుకుపోవాలంటే రాత్రి చాలదు. మా పక్క గదిలో భర్తకు వైద్యం కోసం వచ్చిన బెంగాలీ ఆవిడ ఒకరు ఉండేవారు. ఆవిడకు తెలుగు రాదు, అక్కకు బెంగాలీ రాదు. అక్క రవిక పిండుతుంటే చూసి, ఆగమని చెయ్యూపి, తన పొడి గామ్ఛా తెచ్చి నేల మీద పరిచింది. దాని మీద రవిక పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, ఒక కొస అక్కకిచ్చి, రెండో కొస తను పట్టుకుని మెలిపెట్టింది. విప్పితే రవికలో నీళ్లు సగం గామ్ఛాలోకి వచ్చేసినాయి. మా తుండుగుడ్డ కూడా ఆ పనికి సరిగ్గా సరిపోయింది. మందపాటి టర్కీ టవల్ అయితే నీళ్లు బాగానే పీలుస్తుంది గానీ తర్వాత అది ఆరదు. పల్చటి తుండైతే గంటలో ఆరి మళ్లీ పనికొస్తుంది.

బట్ట రకం కూడా చూసుకోవాలి. మామూలు వాతావరణంలో పొడిగా ఉన్న నూలు బట్ట కూడా తన బరువులో ఎనిమిది శాతం దాకా తేమ పట్టుకుని ఉంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే పాలిస్టర్ చీర రెండు గంటల్లో ఆరితే నూలు చీరకు పూట పడుతుంది. ప్రయాణానికి పాలిస్టరే మేలని అందరూ చెప్తారు. నేనైతే ఒంటికి తగిలేవి నూలువే పెట్టుకోమంటాను, అవి చిన్నవి కాబట్టి ఎట్లాగూ ఆరిపోతాయి. పైన వేసుకునేవి పాలిస్టర్ కలిసినవి పెట్టుకుంటే చాలు. జీన్స్ ప్యాంటు ఉతుక్కుని ప్రయాణం చేసేవాళ్లకు నా నమస్కారం.

చీర దగ్గరే అసలు చిక్కు. ఐదున్నర మీటర్ల చీర రెండు మీటర్ల తాడు మీద వేయాలంటే మడతలు వేయక తప్పదు, మడతల మధ్య గాలి ఆడదు. తిరుమలలో చూసి ఉంటారు, ఇద్దరు ఆడవాళ్లు చీర చెరొక కొస పట్టుకుని గాలికి నిలబడతారు. కబుర్లు చెప్పుకునే లోపల చీర ఆరిపోతుంది. గదిలో అంత చోటుండదు కాబట్టి తాడును ఊచ చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి, జానెడు ఎడంతో రెండు వరసలు కట్టుకోవాలి. చీరను రెండు వరసల మీదుగా వేస్తే మధ్యలో సందు ఉంటుంది, అందులోంచి గాలి పోతుంది. గంటకోసారి లోపలి మడత బయటికి తిప్పాలి. ఇంతకంటే ఉపాయం నాకు తెలియదు.

గాలి ముఖ్యం, ఎండ ఆ తర్వాతే. డిసెంబరులో మా ఊళ్లో పొద్దున తొమ్మిదైనా మంచు విడవదు. మాల వేసుకున్న స్వాములు రెండు పూటలా తలస్నానం చేసి, నల్లబట్టలు ఉతుక్కుని మళ్లీ సాయంత్రానికి అవే కట్టుకోవాలి. వాళ్లను అడగండి, ఎండ కోసం చూడరు, గాలి వీచే సందు కోసం చూస్తారు. ఏసీ గదైతే ఇంకా సులభం. ఏసీ గాలిలో తేమను లాగేసి నీళ్లుగా బయటికి పంపుతుంది కాబట్టి చలిగా ఉన్నా బట్టలు ఆరతాయి.

ఆరీ ఆరని బట్టకు వచ్చే ఆ మాగుడు వాసన ఉంది కదా, దాని మూలం 2012లో జపాన్ పరిశోధకులు పట్టుకున్నారు. మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా. ఉతికినా కొంత మిగిలిపోతుంది, తడి ఎక్కువసేపు నిలిస్తే పెరిగి ఆ వాసన వదులుతుంది. సబ్బు ఇంకాస్త రుద్దితే పోదు. వేడి నీళ్లలో నానబెట్టి, త్వరగా ఆరబెట్టాలి.

కట్టకూడని చోట్లు కూడా చెప్పాలి. సీలింగుకు ఉండే మంటలార్పే నీళ్ల గొట్టం ముక్కుకు హ్యాంగర్ తగిలించొద్దు, అది విరిగితే గదంతా నీళ్లే. స్విచ్‌బోర్డు మీదుగా, హీటర్ పైన, ఫ్యాన్ రెక్కలకు దగ్గరగా వద్దు. అన్నిటికంటే ముందు, ఇనుప తీగ వద్దు. వానాకాలంలో దండెం తీగకు కరెంటు పాకి, బట్టలు ఆరేస్తూ చనిపోయారన్న వార్త మనం ఏటా చదువుతూనే ఉంటాం. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు కూడా. లాడ్జి మేడ మీద ఉండేవి చాలావరకు ఇనుప తీగలే, పక్కనే కేబుళ్లు, వైర్లు. తడి చేత్తో దాన్ని పట్టుకునే ముందు అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ఒకసారి చూడండి. సంచిలో రబ్బరు తాడో నైలాన్ తాడో ఉంటే ఆ తీగ జోలికే పోనక్కర్లేదు.

అమ్మ ఆపరేషన్ బాగానే జరిగింది. డిశ్చార్జి రోజు అక్క ఆ తాడును విప్పి, చుట్టి, పక్క గది ఆవిడ చేతిలో పెట్టింది. వాళ్లాయనకు ఇంకా నెల రోజులుందట. ఆవిడ వద్దంటూనే తీసుకుని, తన గామ్ఛా ఒకటి అక్క భుజం మీద వేసింది.

ఆర్నెల్లకోసారి చెకప్‌కు పోతూ ఉన్నాం. ఒక్క రాత్రి ఉంటే చాలు ఇప్పుడు. ఫైలు, స్కాన్ రిపోర్టులు నేను సర్దుతుంటే అమ్మ గడపలో కూర్చుని అడిగేది ఒకటే. "తాడు పెట్టినావా నాయనా?"