పసుపుకు రంగే ముఖ్యమా?

మన పల్నాడులో మిరపకాయలు ఎవ్వరూ ఊరికే కొనరు. కాయ విరిచి చూస్తారు, వాసన చూస్తారు. మన అమ్మానాన్నలు మిరప కోతలకు పోయేవాళ్ళే కనుక వాళ్ళను మోసం చేయడం కష్టం. కానీ పసుపు కొనేటప్పుడు మాత్రం రంగు ఒక్కటే చూస్తారు. బాగా మెరిసేదే మంచిదనుకుంటారు. ఇది మారాలని నా అభిప్రాయం.

పసుపు మనకు దూరం కాదు. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో పెద్ద పసుపు యార్డు ఉంది. తవ్వి తీసిన దుంపల్ని ఉడకబెట్టి, రోజుల తరబడి ఎండబెట్టి, పాలిష్ చేస్తే కొమ్ములవుతాయి. మంచి పొడి కూడా ఒక్కోసారి మసకగానే ఉంటది. అది తప్పు కాదు.

బంగ్లాదేశ్‌లో ఏమైందో చూడండి. 1980లలో వరదలకు తడిసి కొమ్ముల రంగు తగ్గింది. కొనేవాళ్ళకేమో పచ్చటి రంగు కావాలి. అందుకని లెడ్ క్రోమేట్ అనే రంగు పూయడం మొదలైంది. అందులో సీసం ఉంటది. సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది, చదువు తలకెక్కదు. 2019లో అక్కడి అంగళ్ళ పసుపును పరీక్షిస్తే నూటికి 47 నమూనాల్లో సీసం ఉంది. జనానికి తెలియజెప్పి, కల్తీ చేసినోళ్ళకు జరిమానాలు వేశారు. 2021కి అది సున్నా అయింది.

మన సంతలో కల్తీ ఉందని నేను అనడం లేదు. కానీ మా గూడెంలో అమ్మలు విడి పొడి పొట్లం కట్టించుకుంటారు. పొట్లం మీద ఒక్క అక్షరం ఉండదు. ప్యాకెట్ కొన్నా మా ఇంట్లో చదివేది నేనొక్కదాన్నే. మన ఇళ్ళల్లో మొదటిసారి బడికొచ్చింది మనమే. మన మెదడే చెడితే ఎట్లా?

ఎండాకాలం కారం పట్టించేటప్పుడే పావుకిలో కొమ్ములు కూడా విడిగా పట్టించుకోవాలి. ఖర్చు గదా అంటారు. పప్పులో వేసేది చిటికెడే, చాన్నాళ్ళు వస్తది. కొమ్ము విరిస్తే లోపల కూడా పచ్చగా ఉండాలి, వాసన రావాలి. పైన మరీ మెరిసేవి వద్దు.

పొడే కొంటే గ్లాసు నీళ్ళలో చెంచాడు వేసి కదపకుండా ఉంచండి. మంచిదైతే అడుక్కి దిగి నీళ్ళు లేత పసుపుగా ఉంటాయి. ముదురు పసుపు అయితే రంగు కలిపారని అనుమానించాలి. సీసం సంగతి మాత్రం ల్యాబులోనే తేలుతుంది.

కావున అక్కలారా, చెల్లెళ్ళారా, సెలవులకు పోయినప్పుడు ఈ మాట మీ అమ్మకు చెప్పండి. మన హాస్టలు వంటకు కూడా కొమ్ములు తెప్పించి పట్టించాలని వార్డెన్ మేడం గారిని కోరుతున్నాను.

– 9వ తరగతి విద్యార్థిని