రెండవ శనివారము ఎవరికి సెలవు?

రెండవ శనివారమును, దాని వెంట వచ్చు ఆదివారమును మన పాఠశాలకు సెలవులు. శుక్రవారము సాయంకాలమున కడపటి గంట మ్రోగగానే పిల్లలు కేకలు వేయుచు ఇండ్లకు పరుగెత్తుదురు. ఆ సంతోషమును నేను కాదనను. ఉపాధ్యాయునకును అది సంతోషకరమైన గంటయే. కాని ఆ రెండు దినములు నిజముగా ఎవరికి సెలవులు అను ప్రశ్న యొకటి నన్ను విడువకున్నది. దానికి కారణము నేను చేసిన యొక పొరపాటు.

ఒక సోమవారమున “నేను గడపిన సెలవు దినములు” అను విషయమును గూర్చి వ్యాసము వ్రాయుడని తరగతికి చెప్పితిని. మగపిల్లలలో పెక్కుమంది పుటలు నింపిరి. రామాపురము సముద్రపు టొడ్డున ఆడిన ఆటలు, చీరాలలో చూచిన సినిమా, స్నేహితులతో తిన్న జీడిపప్పు, ఇట్టి విశేషములకు కొదువ లేదు. ఒక బాలిక మాత్రము నాలుగు వాక్యములు వ్రాసి కలము క్రింద పెట్టెను. శనివారము బట్టలు ఉతికినదట. చౌకధరల దుకాణమునకు పోయి బియ్యము తెచ్చినదట. ఆదివారము చేపలు తోమి, ఇడ్లీపిండి రుబ్బినదట. తల్లి మగ్గమునకు కండెలు చుట్టుచుండగా తమ్ముని ఆడించినదట. అంతే. వ్యాసము పొట్టిగా నున్నదని పదింటికి మూడు మార్కులు వేసితిని. అదే యింట నుండు ఆమె పెదతండ్రి కుమారుడు సముద్రస్నానమును రెండు పుటలు వర్ణించి యెనిమిది మార్కులు పొందెను.

ఆ రాత్రి మార్కుల పట్టిక వ్రాయునపుడు ఆ రెండు పుస్తకములు ఒకదాని ప్రక్క నొకటి కనబడినవి. ఇల్లు ఒకటే, దినములు అవే. నేను వేసిన మార్కులు భాషకు గాక తీరికకు పడినవని అప్పుడు తెలిసి సిగ్గుపడితిని.

ఇది ఒక్క రామాపురపు ముచ్చట గాదు. 2024లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ పరిశీలనలో, జీతము లేని యింటిపని చేయు స్త్రీలు దానికై దినమునకు సగటున 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలినది. అనేక గృహములలో పురుషులు ఆ పనియే ముట్టరు.

వారమున కొకనాటి సెలవు ఊరక వచ్చినది కాదు. బొంబాయి మిల్లు కార్మికుల కొరకు నారాయణ మేఘాజీ లోఖండే గారు పోరాడగా 1890లో ఆదివారపు సెలవు లభించినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమున కొక విరామదినమును కార్మికుల హక్కుగా నిలిపినది. విశ్రాంతి దినమును గూర్చిన బైబిలు ఆజ్ఞయైతే దాసదాసీలనే గాక ఎద్దును గాడిదను సైతము మరువలేదు. ఆ ఆజ్ఞను దేవాలయమున విని యింటికి వచ్చి, కూర యింకను ఉడుకలేదా యని విసుగుకొనువారము మనము! పొయ్యి ముందు నిలిచిన తల్లికి ఏ చట్టము సెలవిచ్చినది?

కొందరు తలిదండ్రులు, “మగపిల్లవానికి ఇంటిపని చెప్పిన చదువు చెడును” అందురు. గంటసేపు బట్టలుతికినంత మాత్రమున చెడు చదువు, దినమంతయు ఆటలాడిన చెడదా? మరికొందరు, “ఆడపిల్ల రేపు అత్తవారింటికి పోవలసినది, పని నేర్వవలదా?” అందురు. నేర్వవలసినదే. కాని రేపు గుంటూరు వసతిగృహమునకో, హైదరాబాదు ఉద్యోగమునకో పోవు కుమారుని కంచము కడుగువా రెవరు? అన్నము వండుకొనలేని పట్టభద్రుని విద్య సగము విద్యయే.

కావున నా మనవి యిది. శుక్రవారము రాత్రి భోజనమైన పిమ్మట ఇంటిల్లిపాదియు కూర్చుండి, రెండు దినముల పనులను ఒక కాగితముపై వ్రాసికొని, ఆడ మగ భేదము లేక వయసునకు తగినట్లు పంచుకొనవలెను. పది చేతులు పడిన పని మధ్యాహ్నమునకే ముగియును. అప్పుడు ఆ బాలికయు వేటపాలెములో 1918లో నెలకొన్న సారస్వత నికేతనమునకు పోయి యొక గంట చదువుకొనగలదు. సాయంకాలము సముద్రమునకు పోదురా, తల్లిని కూడ తీసికొనిపొండు. ఈ తీరమున అలలకు చిక్కి ప్రాణములు కోల్పోయినవారు కలరు గనుక, పిల్లలు ఒంటరిగా పోవుట కంటె పెద్దలతో పోవుట క్షేమము. ఉపాధ్యాయులమైన మేమును సెలవు దినములకు ఇంటిపాఠములు తగ్గించుట న్యాయము.

పరులకు చెప్పుటకు ముందు నేనును మొదలిడితిని. మా యింట శనివారపు బట్టలు ఇప్పుడు నా వంతు. మొదటి వారమున ఎఱ్ఱ తువాలుతో కలిపి నానబెట్టి రెండు తెల్ల చొక్కాలకు రంగంటించితిని. ఆ చొక్కాలతోనే బడికి వచ్చితిని, పిల్లలు నవ్విరి. నవ్విన పిమ్మట ఒక బాలుడు, “మా యింట నీళ్లు నేనే పట్టుచున్నానండీ” అని చెప్పెను.

ఆ బాలిక మార్కులను దిద్దితిని. ఆమె నాలుగు వాక్యములలో తప్పు ఒక్కటియు లేదు. విద్యార్థులారా! రాబోవు రెండవ శనివారము గడచిన పిమ్మట అదే వ్యాసమును మరల వ్రాయింతును. ఈసారి మగపిల్లల పుస్తకములందును చేపలు తోమిన సంగతి చదువగోరుచున్నాను.