గుంటల లెక్క తెలిసిన మాక్రోను పారెయ్యమంటారా?

"ఇంకా ఆ పాత మాక్రోలనే పట్టుకుని వేలాడుతున్నారా?" అని పోయిన మాఘంలో ఒక సాంకేతిక పండితుడు నన్ను అడిగారు. మర్యాద కొద్దీ నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వు వెనక దాచుకున్న జవాబే ఈ టపా.

ఆర్మూరులో నాది నక్షాలు గీసే చిన్న దుకాణం. పసుపు అమ్మిన డబ్బు చేతికందే రోజుల్లోనే మా వైపు పునాదులు పడతాయి, అన్నదమ్ములు భూములు పంచుకుంటారు. అలా వచ్చిన ఒక రైతు నా కాగితం చూసి, "ఈ ఫీట్లు నాకెందుకు సారూ, నా వంతుకు ఎన్ని గుంటలొచ్చినయో చెప్పు" అన్నాడు. ఎకరానికి 40 గుంటలు. గుంటకు 121 గజాలు, అంటే 1089 చదరపు అడుగులు. ఆటోక్యాడ్‌కు ఈ లెక్క పుట్టుకతో రాదు. 2007లో నేను విబిఎలో రాసుకున్న మాక్రోకు వచ్చు. హద్దుగీత మీద నొక్కితే గుంటలు, మిగులు గజాలు ఆ ముక్కలోనే రాసిపెట్టేది. కొత్త కంప్యూటరులో ఆ రోజు అది నోరు విప్పలేదు.

దాని జాతకం అలాంటిది. 2007 జూలై 1 నుంచి మైక్రోసాఫ్ట్ కొత్త సంస్థలకు విబిఎ లైసెన్సులివ్వడం మానేసింది. ఆటోక్యాడ్ 2010 సంచిక నుంచి విబిఎను విడిగా దించుకోవలసి వచ్చింది. 64 బిట్ల యంత్రాల్లో 2013 సంచిక దాకా అది ఆటోక్యాడ్ గడప బయట కూర్చుని కుంటుతూ పనిచేసేది. 2014 సంచికలో విబిఎ 7 వచ్చాకే మళ్ళీ లోపలికి అడుగుపెట్టింది.

అయితే నా మాక్రోకు పట్టిన జబ్బు మాత్రం ప్రాణాంతకమేమీ కాదు. విబిఎ భాగాన్ని దించుకున్నాను. విండోస్‌ను పిలిచే డిక్లేర్ వాక్యాలకు పిటిఆర్‌సేఫ్ అన్న మాట చేర్చి, చిరునామాలు మోసే లాంగ్‌లను లాంగ్‌పిటిఆర్‌గా మార్చాను. రిఫరెన్సుల్లో "మిస్సింగ్" అని నిలదీస్తున్న పాత లైబ్రరీ టిక్కు తీసి కొత్తదానికి పెట్టాను. ఇంకా మొరాయించింది. రంగును పిలిచే పేరు చివర 17 అని ఉంది. అది 2007 సంచిక లోపలి సంఖ్య. నా దగ్గరున్న 2021 సంచికకు అది 24. ఆ రెండంకెలు కనిపెట్టడానికి ఒక రాత్రంతా పట్టిందంటే నవ్వుకోండి. మొత్తం రెండు రాత్రుల పని. దీనికా పారెయ్యమన్నది?

"డాట్‌నెట్‌లో కొత్తగా రాయించుకోండి, శాశ్వతం" అని కూడా సెలవిచ్చారు. ఏం శాశ్వతం? ఆటోక్యాడ్ 2025 సంచిక డాట్‌నెట్ 8కి మారగానే, పాత ఫ్రేమ్‌వర్క్ మీద కట్టిన ఉపకరణాలను మళ్ళీ కట్టుకోవలసి వచ్చింది. "మాక్రోలు ప్రమాదం" అన్న మాటను మాత్రం ఒప్పుకుంటాను. 2012లో బయటపడిన మెడ్రే అన్న పురుగు, ఆటోలిస్ప్ రూపంలో చొరబడి, ముఖ్యంగా పెరూ దేశంలో, నక్షాలను దొంగిలించింది. నమ్మిన ఫోల్డరు కాకపోతే ప్రశ్నించే ఏర్పాటు 2014 సంచికలో వచ్చింది, అది ఉండవలసిందే. కాపలా పెట్టడం వేరు, ఇల్లు కూల్చడం వేరు.

మనకిది కొత్త వాదన కాదు. అక్కరకురాని ఫాంట్లలో చిక్కిన తెలుగును "మళ్ళీ టైపు చేసుకోండి" అన్నవాళ్ళ మాట మనం వినలేదు. నాగార్జున వెన్న "పద్మ"ను రాశారు, పాత అక్షరాలు యూనికోడులోకి నడిచి వచ్చాయి.

నా తప్పూ ఉంది. మాక్రోలన్నిటినీ ఒకే డివిబి ఫైలులో మూటగట్టి ఉంచాను; నోట్‌పాడ్‌లో తెరిస్తే చెత్త తప్ప ఏమీ కనబడదు. 1986 నుంచి ఉన్న ఆటోలిస్ప్ మూలం సాదా అక్షరాల్లో ఉంటుంది, ఎవరైనా చదివి మరమ్మతు చేసుకోవచ్చు. చౌకరకం ఎల్‌టికి కూడా 2024 సంచికతో అది అందింది. అందుకే మాడ్యూళ్ళను ఒక్కొక్కటిగా పాఠంగా ఎగుమతి చేసి, గుంటల లెక్కను లిస్పులోకి తిరగరాశాను. తలుపులూ కిటికీల పట్టిక వేసే మాక్రో ఇంకా మిగిలే ఉంది. ఎవరికైనా అలాంటిది లిస్పులో ఉంటే పంపండి. బదులుగా నా గుంటల లెక్క ఇస్తాను.