‘ట’ రాలిపోతే తోడేలు మనిషవుతుంది

మనిషి తోడేలుగా మారడం, తోడేలు మనిషిగా తిరగడం పాతకాలపు కథల్లోని మాటే అనుకుంటాం. రామాయణం విన్న పిల్లలకు బంగారు లేడిగా వచ్చిన మారీచుడు తెలుసు. కోరిన రూపం దాల్చేవాణ్ణి కామరూపి అంటారని కొందరికి తెలుసు. కథలో అది కథగానే ఉంటుంది, ఎవరికీ హాని లేదు. కానీ గత నలభై ఏళ్లలో ‘మా ఊరి దారిలోనే చూశాం’ అంటూ పత్రికలకెక్కిన, పోలీసు స్టేషన్ల దాకా వెళ్లిన తోడేలు మనుషులు, కోతి మనుషులు తక్కువేమీ లేరు. ఆ కబుర్లలో కొన్ని నవ్వులతో తేలిపోయాయి. కొన్ని ప్రాణాలు తీశాయి. ఈ తేడా ఎక్కడ వస్తోందో మన బడుల్లో మాట్లాడుకోవాలని మా అభిప్రాయం.

ముందు నవ్వులతో పోయినవి చూద్దాం. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్క్‌హార్న్ అనే చిన్న పట్టణం పక్కన, పొలాల మధ్యగా బ్రే రోడ్డు వెళుతుంది. 1980ల చివర, 1990ల మొదట్లో రాత్రిపూట ఆ దారిన కార్లలో వెళ్లిన కొందరు ఒక బొచ్చు జీవిని చూశామన్నారు. అది రోడ్డు పక్కన మోకాళ్ల మీద కూర్చుని, చచ్చిన జంతువును చేతులతో పట్టుకుని తింటోందని ఒకరు, రెండు కాళ్ల మీద లేచి నిలబడిందని మరొకరు చెప్పారు. 1991 చివర స్థానిక వారపత్రిక విలేకరి లిండా గాడ్‌ఫ్రే ఈ కబుర్ల సంగతి రాశారు. ఆ జిల్లాలో జంతువుల వ్యవహారం చూసే అధికారి దగ్గర ‘వేర్‌వుల్ఫ్’ అని పైన రాసిన ఫైలే ఉండేదట. తర్వాత 2003లో ఆమె దీని మీద పుస్తకమే తెచ్చారు. ఊరికి పేరొచ్చింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

పక్క రాష్ట్రం మిషిగన్ కథ ఇంకా విచిత్రం. 1987లో ట్రావర్స్ సిటీ రేడియోలో పనిచేసే స్టీవ్ కుక్ అనే వ్యాఖ్యాత ఏప్రిల్ ఒకటిన జనాన్ని ఆటపట్టించడానికి కుక్క తల ఉన్న మనిషి గురించి ఒక పాట కట్టి వినిపించాడు. ఆ జీవిని తానే అల్లానని తర్వాత దాచకుండా చెప్పాడు. అయినా పాట విన్నవాళ్లు రేడియోకు ఫోన్లు చేసి, అలాంటిదాన్ని తామూ చూశామని చెప్పడం మొదలెట్టారు. 2007లో ఈ జీవిదేనంటూ పాత సినిమా రీలులాంటి వీడియో ఒకటి ఇంటర్నెట్‌లో తిరిగింది. అది ఒకాయన సరదాకు తీసిన నకిలీ అని 2010లో ఒక టీవీ కార్యక్రమంలో బయటపడింది. ఆ వీడియోను నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఇలా చూశామన్న వాళ్లంతా అబద్ధాలాడారని అనలేం. చీకట్లో మన కన్ను ఎంత దూరమో, ఎంత ఎత్తో సరిగా అంచనా వేయలేదు. కుక్క, నక్క, తోడేలు లాంటి జంతువుల కంటి వెనక వెలుగును తిప్పికొట్టే పొర ఉంటుంది. బండి లైటు పడితే ఆ కళ్లు నిప్పుల్లా మెరుస్తాయి. ఎలుగుబంటి కాసేపు రెండు కాళ్ల మీద నిలబడగలదు. గజ్జి పట్టి బొచ్చూడిన జంతువు ఏ జాతిదో దగ్గరివాళ్లే పోల్చుకోలేరు. కన్ను సగం చూస్తుంది, మిగతా సగం విన్న కథ పూరిస్తుంది. కాబట్టి ‘నువ్వు ఏమీ చూడలేదు’ అని పిల్లవాణ్ణి కసురుకోవడం సరికాదు. ‘ఏదో చూశావు, అదేమిటో కనుక్కుందాం’ అనడం సరైన మాట.

ఇక ప్రాణాలు తీసిన కబుర్లు. 1996లో తూర్పు ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్, సుల్తాన్‌పూర్, జౌన్‌పూర్ జిల్లాల పల్లెల్లో రాత్రిళ్లు చిన్నపిల్లలు మాయమవుతూ వచ్చారు. దాడికి గురైన పిల్లలు 76 మంది అని తర్వాత పరిశోధకులు లెక్క తేల్చారు. అప్పుడు పల్లెల్లో నడిచిన మాట తోడేలు కాదు. ‘మనాయి’ తిరుగుతోందన్నారు, అంటే మనిషిలాంటి తోడేలు. కొందరు తోడేలు తోలు కప్పుకున్న మనిషి అన్నారు, కొందరు శత్రుదేశం పంపిన మనిషన్నారు. జనం కర్రలు పట్టుకుని రాత్రంతా కాపలా కాశారు. కొత్త ముఖం కనబడితే చాలు, అనుమానం. దారిన పోయే అపరిచితులను గుంపులు కొట్టి చంపిన వార్తలు అప్పట్లో వచ్చాయి.

డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థకు చెందిన వై.వి. ఝాలా, మరో పరిశోధకునితో కలిసి ఆ గాయాలనూ జాడలనూ పరిశీలించారు. దాడులు చేసింది తోడేలేనని, మనిషి తోడేలు ఊహ మాత్రమేనని 1997లో వెలువడిన వ్యాసంలో తేల్చారు. అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది. ఆ ప్రాంతంలో అడవి జంతువులు తగ్గిపోయి తోడేలుకు ఆహారం కరువైంది. మేకలకూ గొర్రెలకూ గట్టి కాపలా ఉంది. తోడేలుకు చిక్కిన పిల్లల్లో ఎక్కువమంది నిరుపేద ఇళ్లవాళ్లు, చాలామంది పిల్లలున్న ఇళ్లవాళ్లు, కనిపెట్టుకుని ఉండే పెద్దలు కరువైన ఇళ్లవాళ్లు. మేకకున్న కాపలా బిడ్డకు లేదన్నమాట. వెతకాల్సింది తలుపు లేని ఇంటికి తలుపు, కావలసింది వీధిలో ఒక దీపం. ఊరు మాత్రం వేషం మార్చిన మనిషి కోసం వెతికింది. తోడేలును మనిషిని చేసినందువల్ల అమాయకులు పోయారు, పిల్లలకు రక్షణా ఆలస్యమైంది.

2024లో అదే రాష్ట్రంలోని బహరాయిచ్ జిల్లాలో మళ్లీ తోడేళ్లు పిల్లలను ఎత్తుకుపోయాయి. ఈసారి అటవీ శాఖ డ్రోన్లతో వెతికి, బోనులు పెట్టి అయిదింటిని పట్టుకుంది. ఆరోదాన్ని గ్రామస్థులు చంపేశారు. పోయిన పిల్లలు తిరిగిరారు. కానీ తోడేలును తోడేలని పిలిచినప్పుడు ఎవరిని పిలవాలో, ఏం చేయాలో తెలుస్తుంది. సరైన పేరు పెట్టడం సగం రక్షణ.

పల్లెల్లోనే ఇలా జరుగుతుందని అనుకోనక్కర్లేదు. 2001 మే నెలలో సాక్షాత్తూ ఢిల్లీ నగరం కోతి మనిషి భయంతో నిద్రపోలేదు. మండే ఎండలు, కరెంటు కోతలు, మేడల మీద పడకలు. ఒకరు చూసిన కోతి మనిషి పొట్టివాడు, మరొకరు చూసినవాడు నిలువెత్తువాడు. ఒకరికి హెల్మెట్ కనబడింది, ఒకరికి ఎర్రటి కళ్లు కనబడ్డాయి. పోలీసులు ఊహాచిత్రాలు విడుదల చేశారు, పట్టిచ్చినవారికి బహుమతి ప్రకటించారు. చివరికి వైద్య నిపుణులు, ఫోరెన్సిక్ నిపుణులు చూసి అలాంటి జీవి ఏదీ లేదని చెప్పారు. కోతి మనిషి ఎవరినీ చంపలేదు. ‘వచ్చాడు, వచ్చాడు’ అన్న కేకకు ఉలిక్కిపడి పరుగెత్తి, మేడ మీంచీ మెట్ల మీంచీ పడి చనిపోయినవారున్నారు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు ఇంకొకటి గుర్తుండాలి. 1990లలో తెలుగు ఊళ్లలో తలుపుల మీద, గోడల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవారు. బెంగళూరు వాడల్లో అదే మాట కన్నడంలో ‘నాళె బా’ అయింది. అయినవాళ్ల గొంతుతో తలుపు తట్టి పిలిచే దయ్యాన్ని రేపటికి వాయిదా వేయడానికి ఆ రాత. గొంతు మార్చే దయ్యం కూడా రూపం మార్చే జీవికి చుట్టమే. ఆ భయానికి భాష అడ్డు రాలేదు, సరిహద్దు అడ్డు రాలేదు. ఎవరో దాన్ని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మోశారు. రెండు భాషలు వచ్చినవాళ్లే ఆ పని చేయగలరు.

ఇక్కడే మన బడుల సంగతి వస్తుంది. మన పిల్లలు వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీనో మాట్లాడి, ఇంటికొచ్చి తెలుగులో చెబుతారు. వార్తకైనా వదంతికైనా వాళ్లే వంతెన. ఆ వంతెన మీద ఏది దాటుతోందో చూసుకునే పరికరం మన భాషలోనే ఉంది. అది ‘ట’ అనే ఒక్క అక్షరం. ‘తోడేలు మనిషి వచ్చింది’ అంటే చెప్పేవాడు చూశాడని. ‘వచ్చిందట’ అంటే ఎవరో చెప్పగా విన్నాడని. తమిళంలో ‘వందదాం’ చివరి ‘ఆం’, కన్నడంలో ‘బంతంతె’ చివరి ‘అంతె’, మరాఠీలో ‘ఆలా మ్హణే’ అనేటప్పటి ‘మ్హణే’ చేసేదీ ఈ పనే. ఒడిశాలోని మన పిల్లలు అక్కడి మాటలో దీన్ని ఎలా చెబుతారో తరగతిలోనే అడిగి బోర్డు మీద రాయించవచ్చు. వదంతి పుట్టినప్పుడు దానికి ‘ట’ ఉంటుంది. నాలుగు నోళ్లు మారేసరికి అది రాలిపోతుంది. ‘చూశారట’ కాస్తా ‘చూశారు’ అవుతుంది, తర్వాత ‘మేం చూశాం’ అవుతుంది.

అది రాలిపోతే ఏమవుతుందో 2018లో మన రాష్ట్రాలే చూశాయి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వేషాలు మార్చి తిరుగుతున్నాయన్న వాట్సాప్ కబురు ఊరూరా పాకింది. తమిళనాడులోని తిరువణ్ణామలై జిల్లాలో, గుడికి వెళుతూ పిల్లలకు మిఠాయి ఇచ్చిన ఒక వృద్ధురాలిని కొట్టి చంపారు. బెంగళూరులో బతుకుతెరువుకు రాజస్థాన్ నుంచి వచ్చిన యువకుణ్ణి చంపారు. మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో అయిదుగురు సంచార భిక్షుకులను చంపారు. కర్ణాటకలోని బీదర్ జిల్లాలో పిల్లలకు చాక్లెట్లు పంచినందుకు హైదరాబాద్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని చంపారు. ఇక్కడ తోడేలు లేదు, తోలు లేదు. మామూలు మనిషిలో మారువేషం చూసిన భయం మాత్రం ప్రతాప్‌గఢ్ పల్లెల్లోదే. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది పొరుగూరి నుంచో పొరుగు రాష్ట్రం నుంచో వచ్చినవాళ్లని గమనించాలి. పొరుగుభాష నేల మీద తరతరాలుగా బతుకుతున్న మనకు, ఊరికి కొత్తవాడు కావడం ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు.

ఆ ఏడాది జూలైలో వాట్సాప్ సంస్థ, పంపినవారు స్వయంగా రాయని సందేశాల మీద ‘ఫార్వర్డెడ్’ అనే గుర్తు వేయడం మొదలెట్టింది. భారతదేశంలో ఒకసారికి అయిదు చోట్లకే పంపేలా హద్దు పెట్టింది. మన భాషలో ఆ గుర్తు ఎప్పుడో ఉంది. దాన్ని వాడుకలో నిలపడమే మన పని.

బడిలో ఇది కొత్త పాఠం కానక్కర్లేదు. విభక్తులు, క్రియలు చెప్పే గంటలోనే ‘చూశాను’, ‘చూశాడట’, ‘అలా అనుకుంటున్నారు’ అనే మూడు వాక్యాల తేడా చెప్పించవచ్చు. ఒక వింత వార్త తీసుకుని ఎవరు చూశారు, ఎంత దూరంలోంచి, ఎంత వెలుతురులో, అంతకుముందే ఆ కథ విన్నారా అని పిల్లల చేతే అడిగించవచ్చు. అదే కబురును తెలుగులోంచి అక్కడి భాషలోకి మార్పించి, ‘ట’ దాటిందో లేదో చూడమనవచ్చు. ఇందుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. భయపెట్టే కథ చెప్పవద్దని మేం అనం. దయ్యం కథ వినని బాల్యం ఎవరికుంది? కథను కథగా చెప్పండి, వార్తగా చెప్పకండి. ఇంటి గ్రూపులో వచ్చిన వీడియోను పిల్లల ముందు ‘చూడు, ఎక్కడో తిరుగుతోంది’ అని చూపించకండి. రెండోది, తాను జంతువుగా మారిపోతున్నానని ఎవరైనా నిజంగా నమ్మి బాధపడుతుంటే అది వైద్యులకు తెలిసిన మానసిక స్థితి. అలాంటి పన్నెండు మంది రోగుల గురించి 1988లో అమెరికా వైద్యులు వివరంగా రాశారు. అలాంటివారిని మంత్రగాడి దగ్గరికి కాదు, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

మన బడుల్లో తెలుగు ఎందుకని అడిగేవారికి చెప్పే కారణాల్లో ఇకపై ఇదీ ఒకటి కావాలి. విన్నదాన్ని విన్నట్టు, చూసినదాన్ని చూసినట్టు చెప్పడం మాతృభాషలో నేర్చిన పిల్లవాడు ఏ భాషలోనైనా అలాగే చెబుతాడు. అలాంటి పిల్లలున్న వీధిలో తోడేలు తోడేలుగానే ఉంటుంది, దారిన పోయే మనిషి మనిషిగానే ఇల్లు చేరతాడు.