మీటర్లకు ముందు తీగలను చూడండి

2013 డిసెంబర్ 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైను కలపడంతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఏకమైంది. మహారాష్ట్రలో కుంభారి ఊరున్న దక్షిణ సోలాపూర్ తాలూకాలోనే ఎన్టీపీసీ 1320 మెగావాట్ల కేంద్రం ఉంది. ఇంతటి చోట కూడా మామూలు 11 కేవీ తీగ తెగితే ఎక్కడ తెగిందో కనిపెట్టేది లైన్‌మన్ కాళ్లే. స్తంభం స్తంభం చూసుకుంటూ పోవాలి, అర్ధరాత్రయినా, వానయినా.

కుంభారిలో 2006 నాటి గోదూతాయి పరుళేకర్ కాలనీలో బీడీ కార్మిక మహిళలకు పదివేల ఇళ్లున్నాయి. కార్మిక నాయకుడు ఆడం మాస్టరు పోరాడి సాధించిన రే నగర్‌లో 2024 జనవరిలో మరో 15 వేల ఇళ్లు ఇచ్చారు. ఇక్కడి తెలుగు నేత కుటుంబాలకు కరెంటంటే కూలి. సాంచా (మరమగ్గం) ఆగితే పీసు ఆగుతుంది, పీసు ఆగితే పైసలు ఆగుతాయి.

కూలి పోవడం కన్నా పెద్ద భయం ఇంకొకటుంది. తెగిన తీగ ఎండిన నేల మీద పడితే దానిలో పారే కరెంటు చాలా తక్కువ. సబ్‌స్టేషన్‌లో లోపాన్ని పసిగట్టాల్సిన రిలే అది మామూలు వాడకమే అనుకుని ఊరుకోవచ్చు. అంటే తీగ కరెంటుతోనే నేల మీద పడి ఉంటుంది. పొద్దున్నే పనికి పోయేవాళ్లు నడిచే దారి అదే.

దీనికి విరుగుడు వైర్‌లెస్ సెన్సర్. తీగకే తగిలించే చిన్న పెట్టె అది. తీగలో పారే కరెంటు నుంచే తనకు కావలసిన శక్తి తీసుకుంటుంది. కరెంటెంత, తీగ ఎంత వేడెక్కింది, ఎంత వేలాడుతోంది అన్నవి రేడియో ద్వారా పంపుతుంది. సరఫరా ఆగిపోయినా లోపలి బ్యాటరీతో ఆఖరి కబురు పంపగలదు. ఏ రెండు సెన్సర్ల మధ్య తేడా వచ్చిందో చూస్తే, వెతకాల్సిన దారి ఆ రెండింటి మధ్యకే తగ్గుతుంది.

2021లో కేంద్రం తెచ్చిన 3,03,758 కోట్ల రూపాయల పంపిణీ సంస్కరణ పథకంలో పెద్దపీట స్మార్ట్ మీటర్లకే. ఇంట్లో కరెంటు పోయిందని మీటరూ చెప్పగలదు, నిజమే. తీగ ఎక్కడ తెగిందో మాత్రం చెప్పలేదు. బాకీ వసూలుకున్న తొందర ప్రాణాల విషయంలో ఎందుకు లేదు?

ఖర్చు అంటారు. ప్రతి స్తంభానికీ అక్కర్లేదు. లైను చీలే చోట్ల, రోడ్డు దాటే చోట్ల, కాలనీల అంచున పెడితే చాలు. తెగిపడ్డ తీగ తగిలి మనిషి పోతే, తప్పు ఎవరిదైనా విద్యుత్ సంస్థే బాధ్యత వహించాలని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. పరిహారం కట్టే డబ్బుంటే సెన్సర్‌కూ ఉంటుంది.

అయితే సెన్సర్ వచ్చిందని లైన్‌మన్ల పోస్టులు తగ్గిస్తే ఒప్పుకోం. కబురు అందాక సరఫరా ఆపేది, స్తంభం ఎక్కేది మనిషే. కబురు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు కదిలారు అన్నది సెక్షన్ ఆఫీసు గోడ మీద మరాఠీలో, తెలుగులో రాసిపెట్టాలి. రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థ మహావితరణ్ ఈ పని కుంభారి ఫీడర్లతోనే మొదలుపెట్టాలి, వచ్చే వానాకాలం లోపు.